నేల విడవని స్వాగతం

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతో పంపిన స్వాగతోపన్యాసం ముసాయిదా అందాయి. ఒకసారి మనసులో చదువుకున్నాను, రెండోసారి పైకి చదివాను. చెవికోసం రాసే మాటని పైకి చదివితేనే దాని బరువు తెలుస్తుంది. నువ్వూ అలాగే చదువుకో.

పునాదుల ఇంజినీరింగ్ మీద అంతర్జాతీయ వర్క్‌షాప్, దానికొచ్చే ప్రతినిధులకి స్వాగతం చెప్పే మాటలు నీ చేత రాయిస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. కథలు రాసే దానివి కాబట్టి ఇది చిన్న పనిలా అనిపిస్తోందన్నావు. నాకలా అనిపించడం లేదు. కథ నచ్చకపోతే పాఠకుడు పక్కన పెట్టేస్తాడు. స్వాగతోపన్యాసం వినేవాడు లేచి వెళ్లలేడు. వాడి ఓపిక నీ చేతిలో ఉంది.

'పునాది లేని మేడ నిలవదు' అని మొదలుపెట్టావు. ఎవరి ముందు అంటున్నావో ఒక్కసారి ఆలోచించు. జీవితమంతా పునాదులే లెక్కగట్టినవాళ్లు, పైల్స్ అనే పునాది స్తంభాలు నేలలోకి దింపించినవాళ్లు, కుంగిన కట్టడాల కింద పాకి చూసినవాళ్లు ఆ కుర్చీల్లో ఉంటారు. తాతకు దగ్గులు నేర్పినట్టు అవుతుంది. 'జ్ఞాన సౌధం', 'మైత్రీ పునాదులు' లాంటివి కూడా తీసెయ్. పునాది అన్న మాటని ఉపమానంగా వాడే హక్కు మనకి మిగతా రోజులన్నీ ఉంది. ఆ ఒక్కరోజు అది వాళ్ల పనిముట్టు, వాళ్లకే వదిలెయ్.

నీ ముసాయిదా మొత్తంలో 'మట్టి' అన్న మాట ఒక్కసారీ రాలేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే. నేల విడిచి సాము చేశావు.

ఈ రంగం వాళ్లకి నేను మొదటిసారి ఉపన్యాసం రాసినప్పుడు ఒక ఇంజినీరు నన్ను మట్టి పరీక్షకి బోరు వేస్తున్న చోటికి తీసుకెళ్లాడు. మూడు కాళ్ల స్టాండు, కప్పీ, తాడు. 63.5 కిలోల సుత్తి 760 మిల్లీమీటర్ల ఎత్తునుంచి పదే పదే పడుతోంది. ఒక కుర్రాడు రాడ్డు మీద సుద్దతో గీతలు గీసి, పెదవులు కదుపుతూ దెబ్బలు లెక్కపెడుతున్నాడు. రాడ్డు కొసన ఉన్న గొట్టం దిగిన మొదటి 150 మిల్లీమీటర్లు లెక్కలోకి రావట, బోరు వేసినప్పుడు అడుగున కదిలిపోయిన మట్టి అది. తర్వాతి 300 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే అది ఎన్ విలువ, నేల ఎంత గట్టిదో చెప్పే అంకె. గొట్టాన్ని పైకి తీసి నిలువునా రెండు చెక్కలుగా విప్పారు. లోపల బూడిదరంగు మట్టి, వెన్నుపాములా పొడుగ్గా పడుకుని ఉంది. ఆయన చిటికెడు తీసుకుని, కాస్త తడిపి, అరచేతిలో పెట్టుకుని, ఆ చేతి పక్కన రెండో చేత్తో తట్టాడు. మట్టి మీద నీళ్లు తేలి తళుక్కుమంది. వేళ్లతో నొక్కగానే ఆ మెరుపు లోపలికి ఇంకిపోయింది. 'బంకమన్ను కాదు, సిల్ట్' అన్నాడు. ఇసుకకంటే సన్నగా, బంకమన్నుకంటే గరుకుగా ఉండే మట్టి అది. ప్రయోగశాల రిపోర్టు ఇంకా రావాల్సి ఉంది. ఆయన చెయ్యి ముందే చెప్పేసింది.

ఆ చేతులున్నవాళ్లకి నువ్వు స్వాగతం చెప్తున్నావు.

ఇక 'అంతర్జాతీయ' అన్న మాట. నీ ముసాయిదాలో అది పదకొండుసార్లు వచ్చింది, ఒక్కసారీ దాని అవసరమేమిటో చెప్పలేదు. దేశదేశాల జెండాలు ఒకచోట చేరడం చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ రంగంలో దేశాలు కలవాల్సిన కారణం ఆ సుత్తిలోనే దొరుకుతుంది. ఒకచోట తిరిగే డ్రమ్ముకి తాడు చుట్టి మనిషి వదులుతాడు, ఇంకోచోట సుత్తి దానంతటదే విడివడే ఏర్పాటు ఉంటుంది. తాడు రాపిడిలో కొంత శక్తి పోతుంది. రాడ్డుకి చేరే శక్తి తగ్గితే దెబ్బలు ఎక్కువ పడతాయి, నేల ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. అందుకే ఆ ఎన్ విలువని సుత్తి సైద్ధాంతిక శక్తిలో 60 శాతానికి సరిదిద్ది పోల్చుకుంటారు. అంటే ఒక దేశపు ఇంజినీరు 'ఇరవై' అంటే పక్క దేశపాయన 'ఇరవై' అదే కాకపోవచ్చు. ఒకే అంకె పలుకుతూ వేర్వేరు నేలల గురించి మాట్లాడుకునే ప్రమాదం ఉంది. ఎదురెదురుగా కూర్చుని 'మీ సుత్తి ఎలా వదులుతారు?' అని ఒకరినొకరు అడిగితే తప్ప అది తీరదు. ఈ సంగతి రెండు వాక్యాల్లో పెట్టి చూడు. 'అంతర్జాతీయ' అన్న మాట ఒక్కసారి వాడినా చాలు.

చరిత్ర పేరా కుదించు. 1936లో హార్వర్డ్‌లో ఈ శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగి అధ్యక్షతన ఈ రంగపు తొలి అంతర్జాతీయ సమావేశం జరిగిందన్న ఒక్క వాక్యం ఉంచితే సరిపోతుంది. ఇటలీలో ఒరిగిన పీసా గోపురం సరదాగా ప్రస్తావించావు. దాన్ని చూసి నవ్వినవాళ్లు చాలామంది. ఆ గదిలోనివాళ్లకి మాత్రం అది నవ్వులాట కాదు. చెప్పదలిస్తే దాని ఆగిపోవడం గురించి చెప్పు. 1173లో మొదలైన పని కొన్ని అంతస్తుల తర్వాత దాదాపు వందేళ్లు నిలిచిపోయింది. ఆ విరామంలో కింది బంకమన్ను బరువుకి నీళ్లు వదులుకుంటూ గట్టిపడింది. ఆపకుండా కట్టి ఉంటే అప్పుడే కూలిపోయేదని నిపుణుల లెక్క. 1990లో మూసేసిన గోపురాన్ని, ఒరగని వైపు కిందనుంచి మట్టిని కొద్దికొద్దిగా తీసి, వాలు కాస్త తగ్గించి, 2001 చివర్లో మళ్లీ తెరిచారు. వాలుని మట్టితోనే నయం చేశారు.

నన్నడిగితే పీసా కంటే ట్రాన్స్‌కోనా చెప్పమంటాను. కెనడాలో విన్నిపెగ్ దగ్గర ధాన్యం నిలవ చేసే భారీ కాంక్రీటు కట్టడం. 1913 అక్టోబరులో గాదెలు నింపుతుండగా కుంగడం మొదలైంది, ఒక్కరోజులో సుమారు 27 డిగ్రీలు ఒరిగింది. కట్టడం మాత్రం పగలలేదు. తప్పు కాంక్రీటులో లేదు, పైపొర పరీక్షించి లోపల ఉన్న మెత్తని బంకమన్నుని చూడకపోవడంలో ఉంది. తర్వాత దాని కింద రాతిదాకా స్తంభాలు దింపి, జాకీలతో నిలబెట్టారు. నాకు ఒళ్లు పులకరించేది ఆ పైన జరిగింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత అమెరికన్ ఇంజినీరు రాల్ఫ్ పెక్ వాళ్లు అక్కడ బోర్లు వేసి, మట్టి బలం కొలిచి, నేల ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టే సిద్ధాంతం చెప్పిన భారానికీ ఆ కట్టడం ఒరిగిన భారానికీ పొంతన కుదిరిందని 1953లో ప్రచురించారు. ఆ వైఫల్యాన్ని మరుగున పడెయ్యకుండా కొలతలతో సహా నలుగురి ముందు పెట్టబట్టే అది అందరి ఆస్తి అయింది.

నీ స్వాగతంలో నేను వెతికింది ఈ ఒక్క పిలుపు. వచ్చినవాళ్లని 'మీ విజయాలు పంచుకోండి' అన్నావు. విజయాలు వాళ్లెలాగూ చెప్తారు. బరువు పెట్టి చూస్తే అనుకున్నట్టు రాని లోడ్ టెస్ట్, లెక్కకి మించి కుంగిన రాఫ్ట్ (కట్టడం మొత్తం కింద పరిచే పునాది పలక), మధ్యలో సన్నబడిన పైల్, ఇవి సూట్‌కేసు అడుగున ఉంటాయి. బయటికి తియ్యాలా వద్దా అని వాళ్లు తేల్చుకునేది మొదటి పది నిమిషాల్లో గది తీరు చూసే. అందుకని మొహమాటం లేకుండా అడుగు: 'మీ నేల మిమ్మల్ని మోసం చేసిన చోటు ఉంటే, దాన్ని ఇక్కడ చెప్పండి. మేం వినడానికి కూర్చున్నాం.' కాకపోతే ముందు నిర్వాహకులతో మాట్లాడు. చాలామంది యజమానులకి, ఒప్పందాలకి కట్టుబడి ఉంటారు. ప్రాజెక్టు పేరు చెప్పకుండా మాట్లాడొచ్చా, ఆ భాగం రికార్డు చెయ్యకుండా ఆపగలరా అని కనుక్కో. వాళ్లు ఒప్పుకున్న మేరకే మాటివ్వు. స్వాగతంలో ఇచ్చిన మాట మధ్యాహ్నానికి తప్పితే ఇక ఆ వర్క్‌షాప్‌లో ఎవరూ నోరు విప్పరు.

నిడివి సంగతి. ఒకప్పుడు నేను రాసిన స్వాగతం ఇరవై రెండు నిమిషాలు సాగింది. పదవులు, బిరుదులు, కృతజ్ఞతలు, ఎవరి పేరు వదిలితే ఏమవుతుందోనన్న భయం. ఆ ఆలస్యం జరుగుతూ జరుగుతూ పొద్దుటి చివరి వక్త మీద పడింది. ఆయన రెండు విమానాలు మారి వచ్చాడు, ఫెయిలైన పైల్ పరీక్ష ఫలితాలు తెచ్చాడు. ఐదు నిమిషాలిచ్చారు. గ్రాఫులో గీత కిందికి విరిగిన చోట వేలు పెట్టి, 'ఇక్కడ ఏం జరిగిందో మీరెవరైనా చెప్తారని వచ్చాను' అంటుండగానే గంట మోగింది. సాయంత్రం కాగితాలు సర్దుకుంటూ నాతో 'మీ స్వాగతం చాలా బాగుంది' అన్నాడు. మర్యాదకే అన్నాడు, మంచి మనిషి. నాకా రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ హాల్లోనే ఉన్నారు. ఆ సమయం తిన్నది నా వాక్యాలు.

నీకు నాలుగు నిమిషాలు చాలు. చాలామందికి నీ ఉపన్యాసపు భాష రెండోదో మూడోదో అయి ఉంటుంది, కొందరు దుబాసీ గొంతులో వింటారు. ఒక వాక్యంలో ఒక క్రియ పెట్టు. పేర్లు ఎలా పలకాలో వాళ్లనే అడిగి, వక్త చేతికిచ్చే ప్రతిలో ఉచ్చారణ రాసిపెట్టు. తన పేరు సరిగ్గా వినపడ్డ మనిషి ముఖం చూశావంటే అంతకంటే మంచి విశేషణం వెతకవు. బోర్లు వేసినవాళ్లని, ప్రయోగశాలలో మట్టి ఆరబెట్టి తూచినవాళ్లని కూడా ఒక మాట తలుచుకో. వాళ్ల అంకెల మీదే ఆ మూడు రోజుల చర్చ అంతా నడుస్తుంది.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. ఎక్కడైనా బోరు వేస్తుంటే అడిగి వెళ్లు. గొట్టం విప్పినప్పుడు దగ్గరగా నిలబడు, చిటికెడు మట్టి అడిగి అరచేతిలో పెట్టుకుని తట్టి చూడు. నీళ్లు తేలాయో లేదో నాకు రాయి. ముసాయిదా ఆ తర్వాత పంపుదువుగాని.

మీ మాస్టారు