కొత్త వెబ్‌సైట్‌కు ఏ హోస్టింగ్ ప్లాన్ తీసుకోవాలి?

కొత్తగా మొదలుపెట్టే బ్లాగుకో, చిన్న దుకాణం వెబ్‌సైట్‌కో షేర్డ్ హోస్టింగ్ చాలు. వీపీఎస్ (సర్వర్‌లో మీకంటూ విడిగా కేటాయించే భాగం) ఇప్పుడే అక్కర్లేదు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌ను ఎన్నో సైట్లు పంచుకుంటాయి కాబట్టి ధర తక్కువ, సర్వర్ నిర్వహణ భారమూ కంపెనీదే. ఉదాహరణకు ఒక్కో పేజీ 2 ఎంబీ ఉండి, రోజుకు 500 సార్లు తెరిచినా నెలకు ఖర్చయ్యే డేటా సుమారు 30 జీబీ మాత్రమే.

చాలామంది పొరబడేది ‘అన్‌లిమిటెడ్’ అనే మాట దగ్గర. అది సాధారణంగా స్థలానికీ డేటాకూ చెప్పే మాట. ప్రాసెసర్, మెమరీ, ఫైళ్ల సంఖ్యలపై పరిమితులు మాత్రం నిబంధనల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో నక్కి ఉంటాయి. రద్దీ పెరిగినప్పుడు సైట్ నెమ్మదించేది తరచూ వాటివల్లే. అసలు తిరకాసు ధరలో ఉంది: ప్రకటనలో ఊరించే ధర చాలా ప్లాన్లలో మొదటి గడువు వరకే. రెన్యువల్‌కు ఎంతో చూశాకే డబ్బు కట్టండి.