ముందు నీ ల్యాబ్ రికార్డు తియ్యి

ప్రశ్న: అక్కా, బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కోడింగ్ మీద మనసు లేదు, కానీ పరీక్షల ముందు మా రూమ్‌లో అందరికీ పాఠం చెప్పేది నేనే. టెక్నికల్ రైటర్ ఉద్యోగాలుంటాయని, అంటే పరికరాలు, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాసిపెట్టే పని అని, సీనియర్ ఒకరు చెప్పారు. ఇంగ్లిష్ తలుచుకుంటేనే టెన్షన్. అమీర్‌పేటలో కోర్సులో చేరాలా, సొంతంగా నేర్చుకోవచ్చా?
- ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: తమ్ముడూ, ఫీజు సంగతి తర్వాత, ముందు నీ ల్యాబ్ రికార్డు తియ్యి. ప్రొసీజర్ కింద మొదటి వాక్యం 'సర్క్యూట్ డయాగ్రమ్ ప్రకారం కనెక్షన్లు ఇవ్వాలి' అనే ఉంటుంది. సీనియర్ల రికార్డుల్లోంచి జూనియర్లు ఏళ్ల తరబడి దించుకుంటున్న వాక్యం అది, దాన్ని పట్టుకుని ఒక్క వైరు కూడా పెట్టలేం. ఆ కింద చూడు, 'సప్లై ఆన్ చేయాలి, అంతకుముందు వేరియాక్ సున్నాలో ఉందో లేదో చూసుకోవాలి' అని ఉందా? (వేరియాక్ అంటే వోల్టేజీని పెంచి తగ్గించే పరికరం.) 'అంతకుముందు' దగ్గరికి వచ్చేసరికే చదివేవాడు స్విచ్ వేసేసి ఉంటాడు, వేరియాక్ ఎక్కడో పైన ఆగి ఉంటే మీటరు ముల్లు ఎగిరి చివరికి కొట్టుకుంటుంది. జాగ్రత్త ముందు రావాలి, పని తర్వాత.

ఆ ఒక్క ప్రయోగాన్నే మళ్లీ రాయి. ఏ టెర్మినల్ నుంచి ఎక్కడికి, ఏ నాబ్ ఎటు, ముల్లు ఎక్కడ ఆగాలి, అన్నీ. రాశాక అది ఇంకా చేయని జూనియర్ చేతికివ్వు, ల్యాబ్ అసిస్టెంట్‌ని దగ్గరే ఉండమను, నువ్వు మాత్రం నోరు మెదపకుండా కూర్చో. ఇది చాలా కష్టం, ఇన్నేళ్ల తర్వాత నాకూ కష్టమే. వాడు ఎక్కడ ఆగి నీ మొహం చూశాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. తప్పు వాడిది కాదు, నీ వాక్యానిది.

ఇంగ్లిష్ గురించి భయం వద్దు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం 1986లో తొలిసారి సరళ ఇంగ్లిష్ నియమాలు తెచ్చారు, ఇంగ్లిష్ సొంత భాష కాని మెకానిక్ కూడా పొరపడకూడదని. ఇప్పుడు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అంటారు. పని చెప్పే వాక్యంలో 20 పదాలు దాటకూడదు, మామూలుగా ఒక వాక్యంలో ఒకే పని. అంత ఇంగ్లిష్ నీకు వచ్చు. రూమ్‌లో చెప్పినట్టు ముందు తెలుగులో పైకి చెప్పుకో, ఏ మెట్టు వదిలేశావో నీ చెవికే తెలుస్తుంది, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయి.

కోర్సు కావాలంటే గూగుల్ తన ఇంజనీర్లకు చెప్పే టెక్నికల్ రైటింగ్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, అవి పూర్తి చెయ్యి. మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులు పెట్టి శీర్షికలు, జాబితాలు రాసే మార్క్‌డౌన్ ఒక సాయంత్రం పని. ఫైళ్లలో ఎప్పుడు ఏం మార్చామో గుర్తుపెట్టే గిట్‌కి కొంచెం ఎక్కువ పడుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే డిటా (డాక్యుమెంట్లను భాగాలుగా రాసే ఒక ప్రమాణం), మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్ (డాక్యుమెంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పేర్లు చూసి కంగారుపడి ఇప్పుడే డబ్బు పెట్టకు. ఇంటర్వ్యూలో నువ్వు రాసిన నమూనా చూపించమంటారు, అప్పుడు పాత ప్రొసీజర్, నువ్వు మార్చింది పక్కపక్కన పెట్టి ఎందుకు మార్చావో చెప్పు.

ఆ పెన్సిల్ గీతలున్న కాగితం ఫొటో తీసి నాకూ పంపు, చదివి జవాబు రాస్తాను.