పొద్దున ఇంట్లో, మధ్యాహ్నం స్నేహితులతో

"అక్కా, పాపకు ఐదేళ్లు నిండుతున్నాయి. క్లాసులో పిల్లలంతా పార్టీలు చేసుకుంటున్నారు. మేం ఎంతమందిని పిలవాలి? ఏం పెట్టాలి? హాలు తీసుకోవాలా?" తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను అందరికీ చెప్పేది ఒకటే. పుట్టినరోజును రెండుగా విడదీయండి. పొద్దున పూట ఇంటికి, దేవుడికి, అవ్వాతాతలకు. మధ్యాహ్నం పిల్లల స్నేహితులకు. రెండూ కలిపి ఒకే సాయంత్రం ఒకే హాల్లో కుక్కితే పిల్లకు ఏదీ దక్కదు, మీకు క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం దక్కుతుంది.

మా చిన్నతనంలో తిరుపతిలో పుట్టినరోజు పండగ సగం పొద్దునే అయిపోయేది. నలుగు పెట్టి తలంటు పోసేవాళ్లు. కొత్త గౌను వేసి గోవిందరాజస్వామి గుడికో కపిలతీర్థానికో తీసుకెళ్లి, పేరు, గోత్రం, నక్షత్రం చెప్పి అర్చన చేయించేవాళ్లు. ఇంటికొచ్చాక సేమియా పాయసం, చిత్రాన్నం, వడలు. పెద్దల కాళ్లకు మొక్కితే అక్షింతలు వేసి చేతిలో ఒక నోటు పెట్టేవాళ్లు. ఆ తర్వాత బడి. యూనిఫాం లేకుండా రంగు బట్టలతో బడికి పోవడం, చాక్లెట్ల కవరు పట్టుకుని, ప్రాణస్నేహితురాలిని తోడు తీసుకుని క్లాసు క్లాసుకూ తిరిగి టీచర్లకు ఇచ్చి రావడం, మాకు అసలు సంబరం అదే. ఆ చాక్లెట్లు కూడా ఎక్కడివో కాదు, మన చిత్తూరువే. 1952లో చిత్తూరులో మొదలైన న్యూట్రిన్ కంపెనీ మహాలాక్టో, ఆశ చాక్లెట్లు అవి. ఆ కంపెనీని 2006లో గోద్రెజ్ కొన్నది, తర్వాత అది అమెరికావాళ్ల హెర్షీ చేతికి వెళ్లింది. హాలోవీన్ రోజు మీ పిల్లలు సంచి నిండా తెచ్చుకునే చాక్లెట్ల మీద ఉండే హెర్షీయే అది. ఈ కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి. అమ్మానాన్నల ఊరికీ తమ ఊరికీ మధ్య ఒక చాక్లెట్ ఉందని తెలిస్తే వాళ్లకు భలే ఇష్టంగా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో పుట్టినరోజుకు విందు ఉండేది కాదంటే చేతిలో డబ్బు లేక మాత్రమే కాదు. విందు చేసుకోవడానికి ఏడాది పొడుగునా వేరే రోజులు ఉండేవి. సంక్రాంతికి చక్కెర పొంగలి, ఉగాదికి ఓళిగలు, వినాయక చవితికి కుడుములు, దీపావళికి కజ్జికాయలు, మురుకులు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే వారం రోజులు ఇంటినిండా చుట్టాలు, వీధినిండా వేషాలు. అన్ని పండగల మధ్య పిల్ల పుట్టినరోజుకు ఒక గిన్నెడు పాయసం చాలు. అమెరికాలో సంక్రాంతి, ఉగాది చాలాసార్లు ఆఫీసు రోజునే వస్తాయి, సెలవు ఉండదు, చప్పుడు లేకుండా వెళ్లిపోతాయి. అందుకే మనవాళ్లు ఆ పండగలన్నింటి బరువూ తెచ్చి పిల్ల పుట్టినరోజు మీద పెడతారు. వందమంది, నాలుగు కూరలు, బిరియానీ, రెండంతస్తుల కేకు. ఐదేళ్ల పిల్ల ఆ బరువు మొయ్యలేదు. ఏడుపు మొహంతో ఫొటోల్లో నిలబడుతుంది.

అలాగని తిరుపతి పాత పద్ధతిలోనే ఉందని, మనమే మారిపోయామని అనుకోకండి. ఇప్పుడు అక్కడా హోటల్ హాళ్లు, బెలూన్ల తోరణాలు, ముఖానికి క్రీం పూయడాలు వచ్చాయి. మీ చిన్నాన్న కొడుకు పెట్టిన వీడియో చూసి దానికి దీటుగా ఇక్కడ చెయ్యాలని టెన్షన్ పడే తల్లులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ పోటీలో దిగకండి.

పొద్దున పూట ఏం చెయ్యాలో మీకు నేను చెప్పక్కర్లేదు. టైం గురించి మాత్రం చెప్తాను. న్యూజెర్సీ వైపు ఉంటే ఇండియా టైం మనకన్నా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. మీరు పొద్దున ఏడున్నరకు దీపం పెట్టి వీడియో కాల్ చేస్తే అక్కడ సాయంత్రం ఐదు లేదా ఆరు, అవ్వాతాతలు తీరిగ్గా ఉండే వేళ. పిల్లకు పట్టుపావడా వెయ్యాల్సింది ఈ పూటే. మధ్యాహ్నం ట్రాంపోలిన్ పార్కులో అది కాళ్లకు అడ్డం పడుతుంది. నక్షత్రం ప్రకారం చెయ్యాలని అవ్వ పట్టుబడితే, మీరున్న ఊరి పంచాంగం చూడండి. సూర్యోదయం వేరు కాబట్టి అక్కడి రోజు, ఇక్కడి రోజు ఒక్కోసారి కలవవు. బుధవారం నక్షత్రం వస్తే ఆ రోజు తలంటు, పాయసం, శనివారం పార్టీ. రెండుగా విడదీయడం ఇక్కడ ఇంకా సులువవుతుంది.

ఇక పార్టీ. పిలుపులో మొదలయ్యే టైం, ముగిసే టైం రెండూ రాయండి. రెండు నుంచి నాలుగు అంటే ఇక్కడివాళ్లు రెండుకే వస్తారు, నాలుగింటికి పిల్లను తీసుకెళ్తారు. మనవాళ్లకు కూడా అదే టైం గట్టిగా చెప్పండి. అమ్మానాన్నలు ఉండాలా, దింపేసి వెళ్లొచ్చా, అన్నదమ్ములను తీసుకురావచ్చా అన్నది కూడా రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పిలుపు కార్డులు క్లాసులో పంచాలంటే చాలా బడుల్లో క్లాసు మొత్తాన్నీ పిలవాల్సి ఉంటుంది. కొందరినే పిలిచేటట్టయితే తల్లిదండ్రులకు విడిగా మెసేజ్ పంపండి, బడిలో ఆ మాట ఎత్తవద్దని పిల్లకు చెప్పండి. ఐదేళ్ల పిల్లకు ఎనిమిది, పదిమంది పిల్లలు చాలు.

మధ్యాహ్నం పెట్టుకుంటే ఫుల్ మీల్స్ అక్కర్లేదు. చీజ్ పిజ్జా, పండ్లు, కేకు, దానితో పాటు మన వంట ఒకటి. నేనైతే కారం లేని మినప వడలు పెట్టమంటాను. ఏ దేశం పిల్లలైనా డోనట్ లాగా పట్టుకుని తింటారు. పార్కులో జూలై ఎండకు చేస్తుంటే పెరుగన్నం, బిరియానీ ట్రేలు బయట పెట్టి మరిచిపోవద్దు. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటే.

అన్నిటికన్నా ముఖ్యమైనది అలర్జీ. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన చిత్తూరు వంటిల్లంతా శెనక్కాయల మీద నడుస్తుంది. ఊరిబిండి, శెనక్కాయల చట్నీ, చిత్రాన్నంలో శెనగ్గింజలు, బెల్లం ఉండలు, వేపుడుకు శెనగనూనె. ఇక్కడ క్లాసులో ఒకరిద్దరు పిల్లలకైనా పల్లీ పడకపోవచ్చు. ఆ పడకపోవడం అంటే ఒళ్లు దురద మాత్రమే కాదు, కొందరికి ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వాళ్ల అమ్మ బ్యాగులో ఎపిపెన్ ఉంటుంది, అలర్జీ ముదిరితే వెంటనే తొడకు పొడిచే సూదిమందు అది. అమెరికా చట్టం పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల జాతి, బాదం జీడిపప్పు లాంటివి, వేరుశనగ, గోధుమ, సోయాలను ముఖ్యమైన అలర్జీ పదార్థాలుగా లెక్కగట్టి, డబ్బా మీద తప్పకుండా రాయమంటుంది. 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోదిగా నువ్వులు చేరాయి. అంటే మన నువ్వుండలు, నువ్వులు వేసిన మురుకులు కూడా. నూనె దగ్గర ఇంకొక మెలిక ఉంది. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది, కానీ ఊరి నుంచి తెచ్చుకునే గానుగ నూనెలో పల్లీ ప్రోటీన్ ఉంటుంది. పార్టీ వంటకు దాన్ని వాడకండి. పిలుపులోనే "మీ పాపకు పడని పదార్థాలేమైనా ఉన్నాయా?" అని ఒక్క వాక్యం అడగండి. ఇక్కడ ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు, సంతోషిస్తారు.

బడికి మాత్రం ఇంట్లో చేసింది పంపకండి. చాలా బడులు సీలు తీయని, పదార్థాల జాబితా ఉన్న ప్యాకెట్లే తీసుకుంటాయి. కొన్ని తినేవేవీ వద్దంటాయి, అక్కడ పెన్సిళ్లు, స్టిక్కర్లు పంచండి. తిరుమల లడ్డూ ప్రసాదం క్లాసులో పంచుదామని ఒక చెల్లెలు అడిగింది. ఎంత మంచి మనసో! కానీ అందులో నెయ్యి, జీడిపప్పు ఉంటాయి, వద్దని చెప్పాను. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు కళ్లకద్దుకునేటట్టు పెట్టుకుందాం.

మీరు శాకాహారులైతే ఇంకొక మాట. మార్ష్‌మెలోలు, గమ్మీ చాక్లెట్లలో ఎక్కువగా జెలటిన్ ఉంటుంది, అది పంది లేదా ఆవు నుంచి తీసింది. పిజ్జా మీద వేసే పెపరోనీ కూడా ఎక్కువగా ఆ మాంసాలతోనే చేస్తారు. వేరే ఇళ్ల పార్టీలకు పిల్లను పంపేముందు ఆమెకే "చీజ్ పిజ్జా మాత్రం ఇవ్వండి" అని అడగడం నేర్పండి. మామూలు కేకుల్లో గుడ్డు ఉంటుంది, వద్దనుకుంటే ముందే ఎగ్‌లెస్ ఆర్డర్ ఇవ్వాలి.

కానుకలు అతిథుల ముందు విప్పకపోవడం ఇక్కడ ఎక్కువమంది అలవాటు. వాళ్లు వెళ్లాక విప్పి, ఎవరు ఏమిచ్చారో రాసుకుని, పిల్ల చేత థాంక్యూ అని రెండు ముక్కలు రాయించి పంపండి. మీరు వేరేవాళ్ల పార్టీకి వెళ్లేటప్పుడు కానుక ఇరవై డాలర్లు దాటాల్సిన పనిలేదు. మంచి పుస్తకం ఎప్పుడూ బాగుంటుంది. తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు కవర్లో నూట పదహార్లు పెట్టినట్టు పదహారు డాలర్లు పెడితే ముచ్చటగానే ఉంటుంది.

అవ్వాతాతలు వస్తున్నారంటే ఓళిగలు, కజ్జికాయలు తెస్తారు. ఏది తెచ్చినా విమానాశ్రయంలో అడిగినప్పుడు తినుబండారాలు ఉన్నాయని చెప్పమనండి. దాచిపెడితే జరిమానా పడొచ్చు. నాటుకోడి పచ్చడి లాంటి మాంసం పచ్చళ్లు, బియ్యం తేవద్దనండి.

పుట్టినరోజు మీద నుంచి దించిన విందును పారెయ్యమని కాదు నేను చెప్పేది. దాన్ని పండక్కి తిరిగి ఇవ్వండి. ఉగాది బుధవారం వస్తే ఆ తర్వాతి శనివారం నాలుగు కుటుంబాలను పిలవండి. శనగబేడలు ఉడికించి బెల్లం వేసి పూర్ణం ముందురోజే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. వచ్చినవాళ్లలో ఇద్దరు ఓళిగలు తడుతుంటే ఒకరు పెనం దగ్గర నిలబడొచ్చు. పిల్లలకు తలా ఒక పూర్ణం ఉండ ఇచ్చి వాళ్ల చేత కూడా తట్టించండి.