పెరటి గదికి చెక్క తలుపు సొంతంగా చేసుకోవచ్చా?

పెరట్లో పనిముట్ల గది కట్టుకున్నాను, దానికి చెక్క తలుపు నేనే చేసుకోవచ్చా, ప్లాస్టిక్ తలుపు కొనడం మేలా అని అడిగారు. దసరా సెలవుల్లో పని మొదలుపెడతానని కూడా రాశారు.

నిక్షేపంగా చేసుకోవచ్చు. మాది కావలి దగ్గర, ఉప్పుగాలి తగిలే ఊరు. వేప పలకలతో నేను చేసి బిగించిన తలుపు 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానకు కూడా చెక్కుచెదరలేదు. ప్లాస్టిక్ తలుపు ఎండకు పెళుసెక్కి బందు దగ్గర పగిలిందంటే పారేయడమే. చెక్కదైతే చెడిన పలక ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

పనిముట్ల గదికి టేకు అక్కర్లేదు. వేప చాలు, దానికి చెదలు తొందరగా పట్టవు. చవకగా వస్తుందని మామిడి చెక్క మాత్రం కొనకండి, వానకు నాని పుచ్చిపోతుంది. కొనేటప్పుడు పలకను చేత్తో ఎత్తి చూడండి. ఒక డిపోలో ‘బాగా ఎండిన సరుకండీ’ అని చూపించిన పలక చల్లగా, బరువుగా ఉంది. గోరుతో నొక్కితే లోపలి తడి తెలిసిపోయింది. పచ్చి కర్రను ఎండిన ధరకు అంటగట్టడం మోసం, దాన్ని మనం అడగకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న జిల్లా మనది. ఇక్కడ కూడా చెక్కపని మీద ఇంత చిన్నచూపు ఉండటం నాకు బాధగా ఉంటుంది.

ఇక తలుపు. నిలువు పలకలు, వెనక రెండు అడ్డపట్టీలు, వాటి మధ్య ఒక ఏటవాలు పట్టీ. ఈ ఏటవాలు పట్టీలోనే ఉంది అంతా. అది మడతబందుల వైపు కింది మూల నుంచి గడియ వైపు పై మూలకు పోవాలి. మా బావమరిది దీనికి ఒప్పుకోలేదు, పై నుంచి లాగి పట్టుకోవాలి కదా అన్నాడు. అప్పటికి పలకలు ఒక్కో మేకుతోనే వదులుగా ఉన్నాయి. తలుపును అలాగే బందులకు తగిలించి, గడియ వైపు కింద ఇటుక పెట్టాం. ఏటవాలు పట్టీని మేకు కొట్టకుండా అడ్డపట్టీల మధ్య ఇరికించి, ఇటుక లాగేశాను. తలుపు రవ్వంత కుంగింది, పట్టీ చేత్తో కదిపినా కదలనంతగా బిగుసుకుపోయింది. మళ్ళీ ఇటుక పెట్టి, తను చెప్పినట్టు పట్టీని రెండో వైపు వాలుగా ఇరికించి ఇటుక తీశాం. పట్టీ వదులై జారి మా కాళ్ళ దగ్గర పడింది. ఆ తరువాత వాదన లేదు.

ఎన్ని ఇళ్ళలో చూశానో, తలుపు కుంగి సిమెంటు నేల మీద విల్లులా గీత పడి ఉంటుంది. వడ్రంగిని పిలిచి కింది అంచు చిత్రిక పట్టిస్తారు గానీ వెనక పట్టీ ఎటు వాలిందో ఒక్కరూ చూడరు.

ఇనుప మేకులు మన తీరానికి పనికిరావు, తుప్పు పట్టి చెక్కను కూడా నల్లబరుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడండి. బిగించే ముందే తలుపు కింది అంచుకు రెండు పూతలు రంగు వేయండి. కోత కనిపించే ఆ అంచే నీళ్ళు పీల్చుకునేది, బిగించాక అక్కడికి కుంచె పోదు. బిగించేటప్పుడు కింద పేళ్ళు పెట్టి తలుపును నేల నుంచి అర అంగుళం ఎత్తి నిలబెట్టండి. బందుకు ఒక్కో మర మాత్రమే వేసి, తలుపు తెరిచి మూసి చూశాకే మిగిలినవి వేయండి.

దసరాకు మాత్రం వద్దు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెక్క అప్పుడు అడ్డంగా ఉబ్బి ఉంటుంది, పొడవులో పెద్దగా మార్పు రాదు. ఉబ్బిన పలకలను చిత్రిక పట్టి సరిపెడితే వేసవికి సందులు పడతాయి. పలకలు ఇప్పుడే కొని, నీడలో, మధ్య మధ్య సన్న కర్రలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి. ఫిబ్రవరి, మార్చిలో పని మొదలుపెట్టి, వానల్లో ఉబ్బడానికి పలకకూ పలకకూ మధ్య రూపాయి బిళ్ళ పట్టేంత సందు వదలండి.