1971నా, 1975నా?

అమెరికాలో తొలి ఆక్యుపంక్చర్ (ఒంటిపై సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం) కాలేజీ ఏ ఏడాది పెట్టారో తేలక టెన్షన్ పడుతున్నారు కదా, మీ వ్యాసంలో 1975 అనే రాయండి. 1971 కాలేజీది కాదు. ఆ ఏడాది పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ తీశారు. ఆపరేషన్‌కు మామూలు మత్తుమందే ఇచ్చారు. సూదులు గుచ్చింది తర్వాత వచ్చిన కడుపు ఇబ్బందికి (చాలామంది ఇక్కడే పొరబడతారు). ఆయన కథనంతో అమెరికన్లలో ఆసక్తి బాగా పెరిగింది. 1975లో జేమ్స్ టిన్ యావ్ సో మసాచుసెట్స్‌లో న్యూ ఇంగ్లండ్ స్కూల్ ఆఫ్ ఆక్యుపంక్చర్ స్థాపించారు.

ఇలాంటి కాలేజీల్లో ఉండే బోధనా క్లినిక్‌ను మాత్రం ఒక్క వాక్యంతో వదిలేయకండి, చదువంతా అక్కడే ఉంది. విద్యార్థులు ముందు పక్కన నిలబడి చూస్తారు, తర్వాత లైసెన్సున్న గురువు కళ్లెదుట తామే సూదులు పెడతారు. నాడి చూడటం అలాగే చేతికొస్తుంది.