ఫ్యాను లేని ప్రాసెసర్

ప్రశ్న: నా సెల్‌ఫోన్‌లో ఎనిమిది కోర్ల ప్రాసెసర్ ఉందని పెట్టె మీద రాశారు. ఫ్యాను లేకుండానే అది రోజంతా నడుస్తుంది. మా అబ్బాయి ల్యాప్‌టాప్ మాత్రం గంటలోపే వేడెక్కి ఫ్యాను హోరెత్తుతుంది. ఫోన్‌లోని ప్రాసెసర్ నాసిరకం కాబట్టే తక్కువ కరెంటు వాడుతోందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నాసిరకం కాదు, దాని లెక్కే వేరు. మీ ఫోన్‌లో ఉన్నది దాదాపుగా ఆర్మ్ వంశపు ప్రాసెసరే అయివుంటుంది. ఆ వంశం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఏకార్న్ కంప్యూటర్స్ అనే కంపెనీలో పుట్టింది. 1983లో సోఫీ విల్సన్ ఆదేశాల పట్టికను (ప్రాసెసర్ అర్థం చేసుకోగల ఆజ్ఞల జాబితాను), స్టీవ్ ఫర్బర్ చిప్ నిర్మాణాన్ని రూపొందించడం మొదలుపెట్టినప్పుడు వారి మనసులో ఉన్నది బల్ల మీది కంప్యూటరే తప్ప బ్యాటరీ కాదు. అయితే ఖరీదైన సిరామిక్ తొడుగు బదులు చౌకైన ప్లాస్టిక్ తొడుగు సరిపోవాలంటే చిప్ విద్యుత్ వాడకం ఒక వాట్‌కు లోపలే ఉండాలి. ఆ హద్దు దాటుతామేమోనని అడుగడుగునా పొదుపు పాటించగా, 1985 ఏప్రిల్ 26న చేతికందిన తొలి చిప్ వాట్‌లో సుమారు పదో వంతుతోనే పనిచేసింది. కరెంటు కొలవబోతే మీటరు సున్నా చూపించిందనీ, తీరా చూస్తే చిప్‌కు విద్యుత్ సరఫరా కలపనే లేదనీ, సంకేతాల తీగల గుండా లోపలికి చేరిన కొద్దిపాటి కరెంటుతోనే అది నడిచేస్తోందనీ ఫర్బర్ తర్వాత చెప్పారు. అందులో ఉన్నవి సుమారు 25,000 ట్రాన్సిస్టర్లు, అంటే అతిచిన్న విద్యుత్ స్విచ్చులు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ కంపెనీ 386 ప్రాసెసర్‌లో 2,75,000.

ఆదేశాలు సరళంగా, అన్నీ నాలుగు బైట్ల పొడవుతో ఉండటమే ఈ పొదుపుకు కారణమని చాలామంది రాస్తారు. ఇంటెల్ పద్ధతిలో ఒక్కో ఆదేశం ఒకటి నుంచి పదిహేను బైట్ల దాకా ఉండవచ్చు కనుక, దాన్ని విడదీసి అర్థం చేసుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుందన్నది నిజమే. కానీ కోట్లాది ట్రాన్సిస్టర్లున్న నేటి చిప్‌లలో ఆ ఖర్చు వాటా చిన్నది; నా ఉద్దేశంలో అసలు కిటుకు వోల్టేజీలో ఉంది.

ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ మారినప్పుడల్లా ఖర్చయ్యే విద్యుత్తు పౌనఃపున్యానికీ (అంటే చిప్ వేగానికీ), వోల్టేజీ వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజీని 1.2 నుంచి 0.9కి దించి, వేగాన్ని సగం చేశామనుకోండి. విద్యుత్తు వాడకం 28 శాతానికి పడిపోతుంది. పనికి రెట్టింపు సమయం పడుతుంది కనుక మొత్తం శక్తి 56 శాతం అవుతుంది. అయినా అది దాదాపు సగం ఆదా. అందుకే ఫోన్ ప్రాసెసర్ అవసరాన్ని బట్టి వోల్టేజీని, వేగాన్ని క్షణక్షణం మార్చుకుంటుంది. 2011లో ఆర్మ్ ప్రకటించిన బిగ్‌లిటిల్ పద్ధతి ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించింది: బరువైన పనికి పెద్ద కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), సందేశాలు అందుకోవడం వంటి చిన్న పనులకు చిన్న కోర్లు. మీరు చెప్పిన ఎనిమిదింటిలోనూ ఈ తేడా ఉండే అవకాశమే ఎక్కువ. అన్నీ ఒకేసారి పూర్తి వేగంతో పరుగెత్తడం అరుదు.

పని లేని కోర్ గడియారాన్ని, అంటే దాన్ని అడుగడుగునా నడిపించే విద్యుత్ తాళాన్ని, ఆపేస్తారు. గడియారం ఆగినా కారిపోయే కరెంటు ఉంటుంది గనుక, ఇంకాసేపు పని లేదనుకుంటే సరఫరానే కత్తిరిస్తారు. బ్యాటరీతో నడిచే మీటర్లలో ఉండే మైక్రోకంట్రోలర్లకైతే (ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్లకు) ఈ నిద్రే ప్రాణం: క్షణకాలం మేలుకుని కొలత తీసుకుని, మళ్లీ పడుకుంటాయి.

ఇక మీ అబ్బాయి ల్యాప్‌టాప్ సంగతి. ఫ్యాను ఉంది కాబట్టి పదుల వాట్లు వాడుకునే స్వేచ్ఛ దానికి ఇచ్చారు. ఫోన్‌లో వేడి పోవలసింది వెనక పలక గుండా మీ అరచేతిలోకే కనుక, కొద్ది వాట్లకు మించి ఎక్కువసేపు వాడనివ్వరు. తేడా ఆదేశాల పట్టికలో కన్నా ఈ హద్దులోనే ఎక్కువగా ఉంది. 2020లో యాపిల్ ఆర్మ్ ఆదేశాలతో నడిచే ఎం1 చిప్‌ను మ్యాక్‌బుక్ ఎయిర్‌లో పెట్టి ఫ్యాను తీసేసింది. బరువైన పని చాలాసేపు సాగితే అదీ వేగం తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో ఆరుబయట అరగంట వీడియో తీస్తే మీ ఫోన్ నెమ్మదించడం కూడా ఇదే కారణం వల్ల.