గుండె దడ మొదలయ్యేది ఎక్కడ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. వారానికి రెండుమూడుసార్లు ఉన్నట్టుండి గుండె దడ, ఆయాసం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మందులకు లొంగడం లేదని ఆబ్లేషన్ చేయించుకోమంటున్నారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల చుట్టూ కాలుస్తారట! గుండె జబ్బుకి సిరల దగ్గర కాల్చడమేంటి, దీన్ని ఎవరు కనిపెట్టారు? నేను ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్నాను. ఇలాంటి పరిశోధనలోకి వెళ్లాలని ఉంది, వెళ్లొచ్చా? - ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీ సందేహంలో తప్పేం లేదమ్మా, 1998 ముందు గుండె డాక్టర్లలోనూ చాలామందికి ఈ సిరల ఆలోచనే లేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గదులు, అంటే కర్ణికలు, నిమిషానికి 350కి పైగా అస్తవ్యస్తంగా అదురుతుంటాయి. కర్ణికల నిండా చిన్న చిన్న విద్యుత్ తరంగాలు తిరుగుతూ ఉండటమే దీనికి కారణమని గోర్డన్ మో అనే శాస్త్రవేత్త సిద్ధాంతం చెప్పింది. దాన్ని పట్టుకునే సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాక్స్ అనే సర్జన్ 1987లో ఛాతీ తెరిచి, ఆ తరంగాలకు దారి లేకుండా కర్ణికల్ని గళ్లు గళ్లుగా కోసి కుట్టే ఆపరేషన్ చేశారు. అది పనిచేసింది, కానీ ఎంత పెద్ద ఆపరేషన్!

ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర పెస్సాక్‌లోని ఆసుపత్రిలో పనిచేసే మిషెల్ ఐసాగెర్ అనే గుండె డాక్టర్ బృందం కూడా మొదట ఆ కోతల్లాంటి గీతల్నే కాథెటర్‌తో, అంటే రక్తనాళంలోంచి పంపే సన్నని గొట్టంతో, లోపల నుంచి కాల్చి గీయడానికి ప్రయత్నించింది. తర్వాత వాళ్ల దృష్టి ఇంకో చోటికి మళ్లింది: దడ ఎలా కొనసాగుతోందన్నది సరే, అసలు ఏ బీట్‌తో మొదలవుతోంది? తొడ దగ్గరి సిరలోంచి కాథెటర్‌ను పైకి పంపి, గుండె గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి ఎడమ కర్ణికలోకి తీసుకెళ్లి కూర్చునేవాళ్లు. ఇక ఎదురుచూడాలి. దడ పుట్టించే ఆ అకాల బీట్ రావాలి, వచ్చినప్పుడు కాథెటర్ కొన సరైన చోట ఉండాలి. ఈసీజీలో పీ తరంగం (కర్ణికల బీట్‌ను చూపే చిన్న గుర్తు) కనిపించకముందే ఒక సన్నని, పదునైన ములుకులాంటి సంకేతం ఎక్కడ ముందుగా వస్తోందో అక్కడే మూలం ఉన్నట్టు.

చివరికి తేలిందేంటంటే, ఆ మూలాల్లో చాలావరకు ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే నాలుగు సిరల్లో ఉన్నాయి! కర్ణిక కండరం కొంతమేర ఆ సిరల్లోకి పాకి ఉంటుంది, తుంటరి బీట్లు అక్కడి నుంచే బయల్దేరతాయి. 1998 సెప్టెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ పరిశోధనలో 45 మంది రోగుల్లో 69 మూలాలు దొరికితే అందులో 94 శాతం ఆ సిరల్లోనే. నాకైతే ఆ అంకె కంటే అంతసేపు ఎదురుచూసిన ఓర్పే గొప్పగా అనిపిస్తుంది. మొదట్లో సిర లోపలే కాల్చేవాళ్లు, దాంతో కొందరికి సిర ఇరుకైపోయింది. అందుకే ఇప్పుడు లోపల ముట్టుకోకుండా సిరల ముఖద్వారం చుట్టూ వలయంలా కాలుస్తారు, లేదా గడ్డకట్టించే చల్లదనంతో అదే పని చేస్తారు. మీ నాన్నగారికి చెప్పింది ఇదే.

ఆగి ఆగి వచ్చే దడలో దీని ఫలితం బాగుంటుంది, ఎప్పుడూ ఉండిపోయే రకంలో తక్కువ. కొందరికి రెండోసారి చేయాల్సి రావచ్చు, ఆ టెన్షన్ ముందే పెట్టుకోకండి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నా: దడ తగ్గింది కదా అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఆపొచ్చా లేదా అన్నది పక్షవాతం ముప్పును బట్టి డాక్టర్ తేల్చాల్సింది.

ఐసాగెర్ అక్కడితో ఆగలేదు. ఎర్లీ రీపోలరైజేషన్ అని ఈసీజీలో కనిపించే మార్పు ఒకటుంది, దాన్ని చాలాకాలం నిరపాయం అనుకున్నారు. ఏ గుండె జబ్బూ లేకుండానే ఒక్కసారిగా గుండె ఆగి కుప్పకూలి బతికి బయటపడ్డ 206 మంది ఈసీజీలను ఆయన బృందం చూస్తే 31 శాతంలో ఆ మార్పు ఉంది, పోల్చి చూసిన ఆరోగ్యవంతుల్లో 5 శాతమే. 2008 నాటి సంగతి. అయితే మీ ఈసీజీలో ఆ మాట కనిపిస్తే కంగారు పడకండి, అది ఉన్నవాళ్లలో అత్యధికులకు ఏమీ కాదు. ఆయన ఆధ్వర్యంలో పెస్సాక్‌లో వచ్చిన లిరిక్ అనే సంస్థలో డాక్టర్లతో పాటు ఇంజినీర్లూ, గణితవేత్తలూ కూర్చుని పనిచేస్తారు. ఛాతీకి 252 ఎలక్ట్రోడ్ల జాకెట్ తొడిగి, కాథెటర్ పెట్టకుండానే గుండె ఉపరితలం మీద విద్యుత్ ఎలా పాకుతోందో గీయడం మీద బోర్డో బృందం చాలా కృషి చేసింది.

ఇక మీ సంగతి. మన దగ్గర దారి పొడుగే: ఎంబీబీఎస్, ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్లు, డీఎం కార్డియాలజీ మూడేళ్లు, ఆపైన ఎలక్ట్రోఫిజియాలజీ (గుండె విద్యుత్తును, లయను చూసే విభాగం) ఫెలోషిప్ ఒకటో రెండో ఏళ్లు. ఎండీ వరకు ఆగక్కర్లేదు, వార్డులో దొరికిన ప్రతి ఈసీజీనీ ఇప్పటి నుంచే చదవండి, హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి తీసే ఈసీజీ) రిపోర్టు చేతికొస్తే దడ ఊపందుకున్నాక కాదు, మొదలయ్యే ముందు రెండు మూడు బీట్లు చూడండి. మీ నాన్నగారి హోల్టర్ ఉంటే వాటితోనే మొదలుపెట్టొచ్చు, చికిత్స నిర్ణయం మాత్రం ఆయన డాక్టర్‌కే వదిలేయండి.